తీసేసిన వాల్వును పసుపు సంచిలో వేయకండి

హైదరాబాద్‌లోని గుండె సర్జన్లకు, కార్డియాలజిస్టులకు, పాథాలజీ విభాగాల వారికి, ఆస్పత్రుల యాజమాన్యాలకు

నమస్కారం.

నేను డాక్టర్ని కాను. ఇంజనీరింగ్ కాలేజీలో మెటీరియల్స్ పాఠాలు చెప్పే టీచర్ని. ఏ వస్తువు ఎంత లాగితే సాగుతుంది, ఎన్నిసార్లు వంచితే తెగుతుంది అని చూడటమే నా పని. కొన్నేళ్లుగా మా ల్యాబ్‌లో ఇనుము, అల్యూమినియంతో పాటు గేదె గుండె చుట్టూ ఉండే పొరను కూడా లాగి చూస్తున్నాం. ఆ పొరనే మీరు పెరికార్డియం అంటారు. గుండెలో రక్తం వెనక్కి పోకుండా ఆపే తలుపే వాల్వు. అది పాడైతే దాని బదులు మీరు పేషెంట్ల గుండెల్లో కుట్టే టిష్యూ వాల్వుల్లో దాదాపు అన్నీ ఆవు పెరికార్డియంతోనో, పంది గుండె నుంచి తీసిన కణజాలంతోనో తయారైనవే. ఈ పని చేస్తూ ఉండగా మిమ్మల్ని ఒకటి అడగాలనిపించింది.

పాడైన వాల్వును మార్చే రెండో ఆపరేషన్, అంటే రీడూ ఆపరేషన్‌లో బయటికి తీసిన టిష్యూ వాల్వును ఆస్పత్రి వ్యర్థాలు వేసే పసుపు సంచిలో పారేయకండి. సీసాలో వేసి దాచండి. దాని వయసు, పేషెంట్ వయసు రాసిపెట్టండి. పరీక్షించే వాళ్లను పరీక్షించనివ్వండి. అడిగేది ఇంతే. ఎందుకు అడుగుతున్నానో చెప్పడానికి మాత్రం కొంచెం సమయం పడుతుంది. మీకు కొట్టినపిండి అయిన సంగతులు కూడా మధ్యలో వస్తాయి, ఏమనుకోకండి. ఈ ఉత్తరం పేషెంట్ల ఇళ్లలో వాళ్లు కూడా చదవాలని నా ఆశ.

ముందు ఆ పొర సంగతి. చెంగిచెర్ల కబేళా నుంచి సెలైన్‌లో మునిగి, ఐసు డబ్బాలో వస్తుంది. తెల్లగా, తడిగా ఉంటుంది, పట్టుకుంటే చేతిలోంచి జారిపోతుంది. పైనున్న కొవ్వు ఒలిచి, కిటికీ వెలుతురుకు ఎత్తి చూస్తే సన్నటి నారలు ఒక వాలుగా సాగి కనిపిస్తాయి. ఒకే గుండె సంచిలో ఒక చోట దళసరిగా ఉంటుంది, జానెడు దూరంలో పల్చబడిపోతుంది. ఇక్కడ కోసిన ముక్క నిలువుగా లాగితే ఒకలా, అడ్డంగా లాగితే ఇంకోలా ప్రవర్తిస్తుంది. స్టీలు రేకుతో పని చేసి అలవాటైన మా పిల్లలకు మొదట్లో ఇది పెద్ద తలనొప్పి. వాల్వులు చేసే కంపెనీలు కూడా అందుకే ఒక్కో పొరను కొలిచి, మందం సమంగా ఉన్న భాగాన్ని మాత్రమే ఏరుకుంటాయి. సాధారణంగా అర మిల్లీమీటరు కంటే పల్చటి భాగమే వాల్వులో తెరుచుకుని మూసుకునే రేకు అవుతుంది. మిగిలింది పక్కకు పోతుంది.

ఈ పొరను ఉన్నదున్నట్టు మనిషిలో పెడితే శరీరం ఒప్పుకోదు, కుళ్లిపోతుంది కూడా. అందుకని గ్లూటరాల్డిహైడ్ అనే రసాయనంలో నానబెడతారు. తోళ్ల పరిశ్రమలో తోలు పదును చేయడానికి వాడే రసాయనాల్లో ఇదీ ఒకటి. పారిస్‌లో అలెన్ కార్పెంటియే అనే గుండె సర్జన్ 1960ల చివర దీన్ని వాల్వుల పనిలోకి తెచ్చారు. అంతకు ముందు వేరే మందుల్లో నిల్వ చేసిన జంతు వాల్వులు కొద్ది ఏళ్లు కూడా నిలవలేదు. గ్లూటరాల్డిహైడ్ పొరకు బలాన్నిచ్చే కొల్లాజెన్ అనే ప్రోటీన్ నారల మధ్య గట్టి బంధాలు వేస్తుంది, శరీరం దాన్ని పరాయిదిగా గుర్తుపట్టడం బాగా తగ్గిస్తుంది. పొర రంగు పచ్చబారుతుంది, ముట్టుకుంటే కాస్త బిరుసుగా తగులుతుంది. ఇవాళ వాడే టిష్యూ వాల్వులు దాదాపు అన్నీ ఈ రసాయనం పుణ్యమే. వాటిని చివరికి పాడు చేసే వాటిలో దానికీ వాటా ఉంది. ఆ సంగతి తర్వాత.

పదును పట్టిన ఆ పొరను లాగి చూసే యంత్రం దవడల మధ్య బిగించడమే ఒక తంటా. వదులుగా పట్టుకుంటే జారుతుంది, గట్టిగా పట్టుకుంటే అంచు దగ్గరే చితికి తెగుతుంది. మధ్యలో గరుకు కాగితం పెట్టి బిగిస్తాం. పొర మీద నల్ల సిరాతో చుక్కలు పెట్టి, అవి ఎంతెంత దూరం జరిగాయో కెమెరాతో చూస్తాం. మొదట కాసేపు బరువేమీ లేనట్టే సాగుతుంది. అలలు అలలుగా ముడతపడి ఉన్న కొల్లాజెన్ నారలు చీర కుచ్చిళ్లు విప్పినట్టు ఒక్కొక్కటే సాపు అవుతుంటాయి. అన్నీ సాపు అయ్యాక పొర ఒక్కసారిగా బిగుసుకుంటుంది. అక్కడి నుంచి గ్రాఫులో గీత నిట్టనిలువుగా లేస్తుంది. గుండె వాల్వుకు కావాల్సింది సరిగ్గా ఇదే. తెరుచుకునేటప్పుడు మెత్తగా లొంగాలి, మూసుకున్నాక ఇంక సాగకుండా రక్తాన్ని ఆపాలి. తొలినాళ్లలో పంది వాల్వులను ఎక్కువ ఒత్తిడి మీద సాగదీసి పదును పెట్టేవాళ్లు. అలా చేస్తే నారల ముడతలు పోయి, ఆ మెత్తదనం ముందే చచ్చిపోతుందని తెలిశాక తక్కువ ఒత్తిడితోనో, అసలు ఒత్తిడి లేకుండానో చేయడం మొదలుపెట్టారు.

ఇక్కడ చాలామందికి ఒక అపోహ ఉంటుంది. వాల్వు తెగిందంటే దాని బలం చాలలేదని అనుకుంటారు. కాదు. ఈ పొరను ఒక్కసారి లాగి తెంపాలంటే వేయాల్సిన బలం, గుండెలో రేకు మీద రోజూ పడే బలానికి ఎన్నో రెట్లు. లాగడం వల్ల అది చావదు. వంచి వంచి చంపుతాం. రేకు తెరుచుకున్న ప్రతిసారీ ఎక్కడో ఒక చోట మడత పడుతుంది. మడత బయటి వైపు సాగుతుంది, లోపలి వైపు నలుగుతుంది. కొల్లాజెన్ నార లాగుడు తట్టుకుంటుందే గానీ నలుగుడు తట్టుకోలేదు, వంగిపోతుంది. అదే చోట మళ్లీ మళ్లీ వంగితే నార చీలుతుంది. పంది వాల్వు రేకుల్లో అయితే మధ్యలో ఒక మెత్తటి పొర ఉండి, పైదీ కిందిదీ ఒకదాని మీద ఒకటి జారడానికి వీలిచ్చేది. ఆ మెత్తదనం ఇచ్చే చక్కెర జాతి పదార్థాలను గ్లూటరాల్డిహైడ్ పట్టి ఉంచలేదు. అవి మెల్లమెల్లగా కారిపోతాయి. పొరల మధ్య జారుడు పోయి రాపిడి మిగులుతుంది.

గుండె నిమిషానికి 70 సార్లు కొట్టుకుంటే రోజుకు లక్ష సార్లు, ఏడాదికి 3 కోట్ల 68 లక్షల సార్లు. విమానం రెక్కకు కూడా ఇంత చాకిరీ ఉండదు. పైగా చచ్చిన కణజాలానికి మరమ్మతు చేసుకునే శక్తి లేదు. మన సొంత వాల్వులో పాత కొల్లాజెన్ తీసి కొత్తది వేసే కణాలు ఉంటాయి. కొని పెట్టిన వాల్వులో ఎవరూ ఉండరు. పడిన దెబ్బ పడినట్టే ఉండిపోతుంది.

దీనికి తోడు సున్నం. పదును చేసినా పొరలో చచ్చిన కణాల శకలాలు, వాటి కొవ్వులు మిగిలి ఉంటాయి. ఎటూ అంటుకోకుండా మిగిలిన గ్లూటరాల్డిహైడ్ అణువుల కొసలు, అంటే ఆల్డిహైడ్ కొసలు కూడా ఉంటాయి. రక్తంలోని కాల్షియం, ఫాస్ఫేటు అక్కడ చేరి ఎముకలో ఉండేలాంటి ఖనిజంగా గడ్డకడతాయి. ఎక్కువ వంగే చోట, ఎక్కువ లాగుడు పడే చోట, అంటే రేకులు వాటిని నిలబెట్టే ఫ్రేము కర్రలకు అతుక్కునే మూలల దగ్గర ఇది ముందుగా కనిపిస్తుంది. బిరుసెక్కిన రేకు సరిగ్గా తెరుచుకోదు. లేదా మెత్తటి భాగానికీ గట్టి భాగానికీ మధ్య అంచులో చిరుగుతుంది. గుండె స్కాన్ ఎకోలో గ్రేడియంట్, అంటే వాల్వుకు ముందూ వెనకా ఒత్తిడి తేడా, పెరిగిందని మీరు రాసేది మొదటి రకం, కొత్తగా లీక్ వచ్చిందని రాసేది రెండో రకం. ఆల్కహాలుతో కొవ్వులు తీసేయడం, ఆల్డిహైడ్ కొసలకు మూత పెట్టడం, వాల్వును ద్రవంలో కాకుండా గ్లిజరిన్ పట్టించి పొడిగా నిల్వ చేయడం, ఇవన్నీ ఈ సున్నం మీద యుద్ధంలో వచ్చిన పద్ధతులే. ఒక్కో కంపెనీకి ఒక్కో పేరు, ఒక్కో రంగుల బ్రోచర్.

సరే, ఇవన్నీ పరీక్షించే కదా అమ్ముతారు అంటారు. పరీక్షిస్తారు. ఐఎస్‌ఓ 5840 అనే అంతర్జాతీయ ప్రమాణం ప్రకారం టిష్యూ వాల్వు 20 కోట్ల సార్లు, లోహపు వాల్వు 40 కోట్ల సార్లు యంత్రంలో తెరుచుకుని మూసుకోవాలి. 20 కోట్లంటే మనిషి గుండె లెక్కలో ఐదేళ్లకు కాస్త ఎక్కువ. యంత్రంలో సెకనుకు 15 సార్లు చొప్పున కొట్టిస్తే ఐదు నెలల్లో అయిపోతుంది. ఆ పరీక్షను నేను తక్కువ చేయడం లేదు. కుట్టు వేసిన చోటు బలహీనమా, రేకు ఫ్రేముకు రాసుకుంటోందా అన్నవి అక్కడ బయటపడతాయి. కానీ ఆ యంత్రంలో రక్తం లేదు. సెలైన్ లాంటి ద్రవం ఉంటుంది. కాల్షియం చేరదు, ప్లేట్‌లెట్లు అంటుకోవు, ఒంట్లో ఉండే రక్షణ కణాలు రావు. పైగా తడి కణజాలం అంత వేగంలో వేరుగా స్పందిస్తుంది, దాంట్లో నీరు కదలడానికి సమయం చాలదు. యంత్రం అలసటను చూపిస్తుంది, సున్నాన్ని చూపించదు. గొర్రె పిల్లల్లో పెట్టి చూసే పరీక్ష సున్నాన్ని చూపిస్తుంది, అది కొన్ని నెలల ముచ్చట. అలసట, సున్నం రెండూ ఏళ్ల తరబడి కలిసి పని చేసే ప్రయోగశాల ఒక్కటే ఉంది. అది పేషెంట్. ఆ ప్రయోగం ఫలితం మీ ఆపరేషన్ థియేటర్ (ఓటీ)లో ట్రేలోకి వచ్చి, అక్కడి నుంచి పసుపు సంచిలోకి పోతోంది.

ఇది వేరే ఊళ్లకంటే మన ఊరికి ఎందుకు ముఖ్యమో చెబుతాను.

టిష్యూ వాల్వు పదిహేనేళ్లు, ఇరవై ఏళ్లు వస్తుందని కంపెనీ ప్రతినిధి చూపించే గ్రాఫులు చాలావరకు యూరప్, అమెరికా వృద్ధులవి. అరవై ఐదు, డెబ్బై దాటినవాళ్లు, ఎక్కువగా గుండె నుంచి ఒంటికి రక్తం పోయే దారిలో ఉండే అయోర్టిక్ వాల్వు మార్పించుకున్నవాళ్లు. మన దగ్గర ఓపీ ముందు కూర్చునేది ఎవరు? చిన్నప్పుడు గొంతు నొప్పి, కీళ్ల నొప్పులు వచ్చి, రుమాటిక్ జ్వరం గుండెకు తాకినవాళ్లు. ముప్పై ఏళ్ల ఆడపిల్లలు, నలభై ఏళ్ల మేస్త్రీలు. రుమాటిక్ జబ్బు ఎక్కువగా కొట్టేది గుండె ఎడమ వైపు పై గదికీ కింది గదికీ మధ్య ఉండే మైట్రల్ వాల్వును.

ఇప్పుడు మెకానిక్స్ చూడండి. అయోర్టిక్ వాల్వు మూసుకుని ఉన్నప్పుడు దాని మీద పడే ఒత్తిడి సుమారు 80 మిల్లీమీటర్ల పాదరసం. మైట్రల్ వాల్వు మూసుకునేది గుండె గట్టిగా పిండే సమయంలో, కాబట్టి దాని మీద 120 వరకు పడుతుంది. అదే పొర, అదే కుట్టు, బరువు మాత్రం ఒకటిన్నర రెట్లు, అదీ రోజుకు లక్ష సార్లు. మైట్రల్ చోట టిష్యూ వాల్వు ముందుగా పాడవుతుందని మీకు అనుభవంలో తెలిసిందే, కారణాల్లో ఇదొకటి. ఇక వయసు. చిన్న వయసులో ఒంట్లో కాల్షియం మార్పిడి చురుగ్గా ఉంటుంది, రోగనిరోధక శక్తి కూడా చురుగ్గా ఉంటుంది, వాల్వు త్వరగా సున్నం పడుతుంది. అంటే గ్రాఫులో ఉన్నది ముసలివాళ్ల అయోర్టిక్ వాల్వు, మన దగ్గర ఉన్నది కుర్రవాళ్ల మైట్రల్ వాల్వు. ఆ గ్రాఫు చూపించి ఈ అమ్మాయికి పదిహేనేళ్లు ఢోకా లేదని చెప్పడం లెక్క ప్రకారం కుదరదు.

మరి లోహపు వాల్వు పెట్టొచ్చు కదా అంటే, ఆ ఇబ్బంది కూడా మీకు తెలుసు. జీవితాంతం రక్తం గడ్డకట్టకుండా వార్ఫరినో, ఎసిట్రోమో వేసుకోవాలి, ఆ మందు ఎంత పని చేస్తోందో చెప్పే ఐఎన్‌ఆర్ రక్త పరీక్ష చేయించుకుంటూ ఉండాలి. ఆదిలాబాద్ ఏజెన్సీలోనో, నాగర్‌కర్నూల్ తండాలోనో ఉండే మనిషికి అది పెద్ద టెన్షన్. పిల్లలు కావాలనుకునే అమ్మాయికి వార్ఫరిన్ కడుపులో బిడ్డకు ప్రమాదం. అందుకే అరవై ఐదు లోపు మైట్రల్‌కు లోహపు వాల్వే మేలని 2020 అమెరికా మార్గదర్శకాలు అన్నా, మీరు తెలిసి తెలిసి చిన్న వయసువాళ్లకు టిష్యూ వాల్వు వేయాల్సి వస్తుంది. దాన్ని నేను తప్పు పట్టడం లేదు. ఆ స్థానంలో ఉంటే నేనూ అదే చేసేవాణ్ణేమో. వేశాక అది మన మనుషుల్లో ఎన్నాళ్లు నిలుస్తోంది, ఎందుకు పోతోంది అన్నది మన దగ్గరే రాసి ఉండాలి అంటున్నాను, అంతే.

ఇంకో చిక్కు. చాలా పాత పరిశోధన పత్రాల్లో వాల్వు పాడైందని లెక్క వేసేది మళ్లీ ఆపరేషన్ అయితేనే. మన దగ్గర రెండో ఆపరేషన్‌కు డబ్బు లేకో, భయపడో, ఊళ్లోనే ఉండిపోయి ఆయాసంతో పోయినవాళ్లు ఆ లెక్కలోకి రారు. వాళ్ల వాల్వు కాగితం మీద భేషుగ్గా ఉన్నట్టే. యూరప్ వాళ్లు 2017లో ఎకో ఆధారంగా కొత్త నిర్వచనాలు తెచ్చారు, మంచిదే. ఎకో తీయించుకోవడానికి మనిషి రావాలి కదా.

తీసిన వాల్వును చూస్తే ఏం లాభం అన్నవాళ్లు నాకు ఎదురయ్యారు. చరిత్రలో లాభం కళ్లముందే ఉంది. ఇంగ్లండ్‌లోని లీడ్స్‌లో సర్జన్ మారియన్ ఐయోనెస్కు 1971లో పెరికార్డియంతో వాల్వు చేసి వాడటం మొదలుపెట్టారు. తర్వాత ఐయోనెస్కు-షైలీ పేరుతో అది ప్రపంచమంతా వెళ్లింది. రక్తం చక్కగా పారేది. కొన్నేళ్లకు హఠాత్తుగా లీకులు మొదలయ్యాయి. బయటికి తీసిన వాల్వులను వరసగా పెట్టి చూస్తే, చిరుగులు చాలావాటిలో ఒకే చోట మొదలైనట్టు కనిపించింది. రేకులను కర్ర కొస దగ్గర కలిపి ఉంచడానికి వేసిన కుట్టు రంధ్రం దగ్గర. ఇంకొన్ని చోట్ల ఫ్రేముకు చుట్టిన గుడ్డకు రేకు రాసుకుని అరిగింది. 1980ల్లో ఆ వాల్వు మార్కెట్ నుంచి వెళ్లిపోయింది. తర్వాత వచ్చిన పెరికార్డియం వాల్వుల్లో ఆ కుట్టు లేకుండా రేకులను కర్రల వెనక బిగించారు. అవి చాలా ఎక్కువ కాలం నిలిచాయి. ఒక్క కుట్టు రంధ్రం. అది గ్రాఫులో కనిపించదు, ఎకోలో కనిపించదు. భూతద్దం కింద తీసిన వాల్వును పెడితేనే కనిపిస్తుంది.

పాత కథ అనుకోకండి. ట్రైఫెక్టా అనే పెరికార్డియం వాల్వుకు అమెరికాలో 2011లో అనుమతి వచ్చింది. రేకులను ఫ్రేము బయటి వైపు బిగించిన డిజైన్. రక్తం పారే దారి పెద్దది, గ్రేడియంట్ చాలా బాగుండేది. ప్రమాణం ప్రకారం అన్ని పరీక్షలూ నెగ్గిందే. 2023 ఫిబ్రవరిలో అమెరికాలో మందులు, వైద్య పరికరాలకు అనుమతి ఇచ్చే సంస్థ ఎఫ్‌డీఏ, ఈ వాల్వు రేకులు త్వరగా పాడయ్యే ప్రమాదం ఉందని డాక్టర్లకు ఉత్తరం రాసింది. కంపెనీ దాన్ని అమ్మడం ఆపేసింది. అక్కడ ఆ సంగతి ఎలా తేలింది? తీసిన వాల్వులను దాచి చూశారు, వాల్వు మోడల్ పేర్లతో సహా లెక్క రాశారు. మన దగ్గర అలాంటిది జరిగితే మనకు ఎన్నాళ్లకు తెలుస్తుంది?

ఒక సర్జన్ గారు దయతలచి నాకు ఒక సీసా ఇచ్చారు. పేషెంట్ అనుమతితోనే, పేరు లేకుండా. అందులో మూడు రేకుల పెరికార్డియం వాల్వు. ఒక రేకు ఇంకా మెత్తగా, సూది మొనతో తాకితే ఊగుతోంది. రెండోది మూల దగ్గర గట్టిగా, పచ్చటి తెలుపు రంగులో ఇసుక రేణువులు అతికినట్టు ఉంది. సూది తాకితే టిక్కుమంది. మూడో రేకు కర్రను ఆనుకుని సగం వరకు చిరిగింది, చిరుగు అంచు నారనారగా విడిపోయింది. కుట్టు రింగు మీద శరీరం పెంచిన మచ్చ కణజాలం పాకి, రేకు మొదలు దాకా వచ్చింది. మా పిల్లలు గంటసేపు దాని చుట్టూ మూగారు. ఒక్క వాల్వు మీద అన్ని రకాల చావులూ కనిపిస్తున్నాయి. కానీ అది ఏ కంపెనీది, ఏ మోడల్, ఎన్నేళ్లు ఒంట్లో ఉంది, ఏ చోట ఉంది, అవేవీ తెలియవు. మొదటి ఆపరేషన్ వేరే ఆస్పత్రిలో జరిగింది. అక్కడి డిశ్చార్జి సమ్మరీలో ‘టిష్యూ వాల్వు’ అని మాత్రమే ఉంది. స్టిక్కర్ అంటించిన కేస్ షీట్ దొరకలేదు. వస్తువు చేతిలో ఉంది, కథ పోయింది. అందుకే సీసాతో పాటు కాగితం కూడా అడుగుతున్నాను.

పనిగా చూస్తే ఇది చిన్నది. రీడూ చేసేటప్పుడు ఎలాగూ వాల్వును కోసి తీస్తారు, రేకులను వీలైనంత వరకు చితక్కొట్టకుండా తీయండి. ఇన్ఫెక్షన్ అనుమానం ఉంటే ముందు మైక్రోబయాలజీకి ముక్క పంపండి, అది మొదటి హక్కు. తర్వాత సెలైన్‌తో కడిగి, పై నుంచి ఒకటి, కింద నుంచి ఒకటి ఫోటో తీయించండి. ఓటీ సిస్టర్ ఫోన్ చాలు, పక్కన స్కేలు పెట్టాలి. ఫార్మలిన్ సీసాలో వేసి పాథాలజీకి పంపండి. అక్కడ ఒక ఎక్స్‌రే తీస్తే కాల్షియం ఎక్కడెక్కడ చేరిందో మొత్తం పటంలా కనిపిస్తుంది. ప్రత్యేక యంత్రం అక్కర్లేదు, చాలా పెద్దాస్పత్రుల్లో ఉన్న రొమ్ము ఎక్స్‌రే తీసే మామోగ్రఫీ యంత్రంతోనే ఈ పని అవుతుంది. సీసా మీద పేషెంట్ పేరు వద్దు, ఒక నంబరు చాలు. ఆ నంబరు పక్కన వయసు, ఆడా మగా, మైట్రలా అయోర్టికా, మోడల్, సైజు, పెట్టిన తేదీ, తీసిన తేదీ, కిడ్నీ పనితీరు చెప్పే క్రియాటినిన్, డయాలసిస్ ఉందా, మధ్యలో కాన్పులు అయ్యాయా. కిడ్నీ జబ్బులో సున్నం వేగంగా పడుతుందని తెలుసు. గర్భం వల్ల వాల్వు త్వరగా పోతుందా అన్న వాదన మాత్రం ఇంకా తెగలేదు. అది తేల్చగల పేషెంట్లు ప్రపంచంలో అందరికంటే మన దేశంలోనే ఎక్కువ ఉంటారు. పేషెంట్ సంతకానికి తెలుగులో ఒక పేరా, ఉర్దూలో ఒక పేరా.

మధ్యలో ఓటీ సిస్టర్లకు ఒక మాట. వాల్వు పెట్టె మీద ఉష్ణోగ్రత గుర్తు ఉంటుంది, గడ్డకట్టినా అతిగా వేడెక్కినా రంగు మారుతుంది. మే నెలలో ఎయిర్‌పోర్టు నుంచి మీ స్టోరు దాకా పెట్టె ఏ ఆటోలో వచ్చిందో ఎవరికీ తెలియదు, కాబట్టి ఆ గుర్తు చూసి ఫోటో తీయండి. ద్రవంలో వచ్చిన వాల్వు అయితే కంపెనీ చెప్పినన్ని సార్లు, చెప్పినంత సేపు సెలైన్‌లో జాడించండి. కుట్టేటప్పుడు లైట్ల వేడికి రేకులు ఆరిపోకుండా సెలైన్ చల్లుతూ ఉండండి. ఫోర్సెప్స్‌తో రేకును నొక్కిన గుర్తు పదేళ్ల తర్వాత కూడా నారల్లో కనిపిస్తుంది.

యాజమాన్యాలకు ఉండే భయం నాకు తెలుసు. వాల్వు ముందే పాడైందని తేలితే కేసు వేస్తారేమో, కంపెనీతో సంబంధం చెడుతుందేమో. 2016 వ్యర్థాల నిబంధనలు పసుపు సంచి అంటున్నాయి కదా అని కూడా అడుగుతారు. పాథాలజీ విభాగాలు కోసి తీసిన అవయవాలను పరీక్షకు దాచుకోవడం రోజూ జరిగేదే. పరీక్ష అయ్యాక మిగిలింది పసుపు సంచికే పోతుంది. కేసుల భయానికి వస్తే, వైద్య పరికరాల చెడు ఫలితాలను రాసి పంపడానికి 2015 నుంచి దేశంలో మెటీరియోవిజిలెన్స్ కార్యక్రమం ఉంది. 2017 నాటి పరికరాల నిబంధనల్లో గుండె వాల్వు అత్యంత ప్రమాద తరగతి, ‘డి’లో ఉంది. చూడకపోవడం కంటే చూసి రాయడమే ఆస్పత్రికి రక్షణ. సంఖ్యలు కలిసి బయటికి వెళ్లాలి, ఆస్పత్రి పేరు వెళ్లనక్కర్లేదు.

ఎక్కడ పరీక్షిస్తారు అంటారా? ఈ ఊళ్లో ఆ ప్రశ్న అడగడమే వింత. హబ్సిగూడలో జీవకణాలను పరిశోధించే సీసీఎంబీ ఉంది. కంచన్‌బాగ్‌లో రక్షణ శాఖ లోహాల పరిశోధనశాల డీఎంఆర్‌ఎల్, బాలాపూర్‌లో కొత్త పదార్థాల పరిశోధన కేంద్రం ఏఆర్‌సీఐ, కందిలో ఐఐటీ ఉన్నాయి. వస్తువు ఎందుకు విరిగిందో చెప్పేవాళ్లు దేశంలో ఇంత దగ్గర దగ్గరగా ఇంకెక్కడ ఉన్నారు? క్షిపణుల కోసం చేసిన తేలికపాటి పదార్థంతో నిమ్స్‌లో పోలియో పిల్లల కాళ్లకు ఆసరాగా కట్టే కాలిపర్లను మూడు కిలోల నుంచి మూడు వందల గ్రాములకు తగ్గించిన కథ అబ్దుల్ కలాం గారు చెప్పగా దేశమంతా విన్నది. కలాం గారు, గుండె డాక్టర్ సోమరాజు గారు కలిసి స్టెంట్ చేసింది కూడా ఇక్కడే. డాక్టరూ, మెటీరియల్స్ మనిషీ ఒకే బల్ల దగ్గర కూర్చోవడం ఈ ఊరికి కొత్త కాదు. మధ్యలో ఆ అలవాటు తప్పింది.

ఇంకో కారణం కూడా ఉంది, తొందరపెట్టే కారణం. ఇప్పుడు పాడైన టిష్యూ వాల్వును కోసి తీయకుండా, తొడ దగ్గరి నాళం ద్వారా దానిలోపలే కొత్త వాల్వు తెరిచి పెడుతున్నారు. పేషెంట్‌కు అది వరమే, ఛాతీ మళ్లీ కోయక్కర్లేదు. కానీ పాత వాల్వు లోపలే అణిగిపోతుంది, ఎప్పటికీ బయటికి రాదు. కొత్తగా పెట్టే వాల్వును సన్నటి గొట్టంలో పట్టేలా నొక్కి చుడతారు, ఆ నొక్కుడుకు నారలు ఎంత నలుగుతాయన్నది మా రంగంలో ఇప్పుడు గట్టిగా నడుస్తున్న చర్చ. చేతికి వచ్చే పాత వాల్వులు ఏటేటా తగ్గుతాయి. కుర్రవాళ్ల మైట్రల్ వాల్వుల గురించి తెలుసుకోవడానికి మనకు ఉన్న వీలు ఈ కొద్ది ఏళ్లే.

దేశంలో వాల్వులు చేయడం కూడా పెరుగుతోంది. తిరువనంతపురంలో శ్రీచిత్ర సంస్థ వాళ్ల లోహపు చట్రం వాల్వు 1990 డిసెంబరులో మొదటి మనిషికి పెట్టారు, అంతకు ముందు చేసిన నమూనాలు విఫలమైతే ఎందుకు విఫలమయ్యాయో చూసి మార్చుకుంటూ వచ్చారు. గుజరాత్‌లో పెరికార్డియం వాల్వులు తయారవుతున్నాయి. మన పటాన్‌చెరు దగ్గర సుల్తాన్‌పూర్‌లో వైద్య పరికరాల పార్కు ఉంది. రేపు అక్కడ కూర్చుని ముప్పై ఏళ్ల తెలుగు అమ్మాయి మైట్రల్ చోటు కోసం వాల్వు గీయాలనుకునే ఇంజనీరుకు ఏ సమాచారం ఇస్తాం? పాశ్చాత్య వృద్ధుల గ్రాఫేనా?

ఆరోగ్యశ్రీ అధికారులకు కూడా ఒక విన్నపం. ఈ పథకం 2007 నుంచి నడుస్తోంది, ఇప్పుడు తెలంగాణలో పరిమితి పది లక్షలు. వాల్వు బిల్లు పాస్ చేసేటప్పుడు మోడల్, సైజు, సీరియల్ నంబరు ఉన్న స్టిక్కర్ నకలు తప్పనిసరి చేసి, ఆ వివరాలను ఒక చోట వెతకడానికి వీలుగా దాచండి. పేషెంట్ చేతికి తెలుగులో వాల్వు కార్డు ఇవ్వమని ఆస్పత్రులకు చెప్పండి, ఏటా ఎకో ఎప్పుడు తీయించుకోవాలో దాని మీదే రాసి ఉండాలి. నా సీసాలోని వాల్వుకు కథ లేకుండా పోయింది ఈ ఒక్క స్టిక్కర్ దొరకకే.

అన్ని ఆస్పత్రులూ ఒకేసారి కదలాలని అనుకోవడం లేదు. ఒకటి రెండు చోట్ల మొదలైతే చాలు. సీసాలు, నంబరు లేబుళ్లు, తెలుగులో, ఉర్దూలో అంగీకార పత్రం నమూనా మా ల్యాబ్‌లో తయారుగా ఉన్నాయి. మీ పాథాలజీ విభాగం అడిగితే ఫీజు లేకుండా పంపిస్తాం, ఎక్స్‌రే మీరు తీస్తే మిగతా పరీక్షలు చేసి నివేదిక ముందు మీకే ఇస్తాం. మీకు తెలియకుండా ఎక్కడా ప్రచురించం. ఈ నెల మీ ఓటీ లిస్టులో టిష్యూ వాల్వు రీడూ ఉంటే, ఆపరేషన్ ముందు రోజు పేషెంట్‌తో సంతకం గురించి మాట్లాడమని మీ రెసిడెంట్‌కు చెప్పండి. ఫార్మలిన్ సీసా ఓటీలో ముందే పెట్టించండి.

ఇట్లు
హైదరాబాద్‌లో మెటీరియల్స్ పాఠాలు చెప్పే ఒక టీచర్